గోదావరి మొగల దగ్గర చప్పుడు

సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూసేవారికి అలల హోరు తప్ప మరేదీ చెవిన పడదు కాబట్టి, ఆ అలల కింద అంతా నిశ్శబ్దమేనన్న నమ్మకం చాలాకాలంగా పాతుకుపోయింది. ఆ నమ్మకం తప్పు. ఎంత తేట సముద్రంలోనైనా సూర్యకాంతి రెండు వందల మీటర్ల లోతు దాటితే దాదాపుగా ఉండదు. బురద నీరు వచ్చి కలిసే గోదావరి మొగల దగ్గరయితే చేయి చాపినంత దూరం కూడా కనబడని రోజులుంటాయి. శబ్దం దారి వేరు. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణించే శబ్దం, నీటిలో అదే సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. కాకినాడ దగ్గర సముద్రంలో పుట్టిన ఒక చప్పుడుకు తగినంత బలం ఉంటే, అది 150 కిలోమీటర్ల అవతల ఉన్న విశాఖపట్నం రేవును చేరడానికి రెండు నిమిషాలైనా పట్టదు. అందువల్లనే కడలిలో పుట్టి పెరిగే చాలా ప్రాణులు కంటిని కాక చెవిని నమ్ముకొని బతుకుతున్నాయి. శ్రోతలు ఈ ప్రసంగమంతటా మనసులో ఉంచుకోవలసిన మొదటి మాట ఇదే: సముద్రజీవికి చూపు కంటే వినికిడి ముఖ్యం.

ఈ మాటకు తిమింగలమే పెద్ద సాక్షి. తిమింగలం చేప కాదు. ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లలను కని, పాలిచ్చి పెంచే ప్రాణి. భూమి మీది జంతువులన్నిటిలోకీ పెద్దదైన నీలి తిమింగలం మనిషి చెవి పట్టుకోగలిగిన అతి మంద్రస్వరం దగ్గర, కొన్నిసార్లు అంతకన్నా దిగువన కూడా మూలుగుతుంది. స్వరం ఎంత మంద్రమయితే నీటిలో అంత తక్కువగా అరిగి అంత దూరం పోతుంది కనుక, ఒక తిమింగలం పిలుపు వందల కిలోమీటర్ల అవతల ఉన్న మరో తిమింగలానికి అందే అవకాశం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో సముద్రగర్భంలో హైడ్రోఫోన్లు, అంటే నీటిలోని శబ్దాన్ని పట్టే మైకులు, దించిన నౌకాదళాలకు గడియారం కొట్టినట్టు క్రమం తప్పకుండా వినవచ్చిన ఒక మంద్రమైన మోత అంతుపట్టక, అది ఏదో యంత్రమో, శత్రుదేశపు ఎత్తుగడో అయివుంటుందన్న అనుమానం కూడా కలిగింది. అది ఫిన్ తిమింగలం గొంతు అని శాస్త్రజ్ఞులు నిర్ధారించి ప్రకటించేసరికి 1964 వచ్చింది. ఇంత పెద్ద గొంతు గల ప్రాణి బంగాళాఖాతానికీ కొత్తది కాదు. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని మేఘవరం తీరానికి నీలి తిమింగలంగా గుర్తించిన ఒక కళేబరం కొట్టుకొచ్చినప్పుడు, దాని పొడవు సుమారు 25 అడుగులని చెప్పుకొని చుట్టుపక్కల ఊళ్ల జనం విరగబడి చూశారు. పుట్టినప్పుడే ఇరవై మూడడుగుల దాకా ఉండే ఆ జాతిలో అది పసిగుడ్డు కొలత.

అయితే వినికిడి తిమింగలాల సొత్తేమీ కాదు. కాకినాడ కుంభాభిషేకం రేవులోనూ, అంతర్వేది దగ్గరా ఎప్పుడో ఒకసారి వలలో పడి, వేలంలో లక్షల ధర పలికి, పత్రికలకెక్కే కచిడి చేప సంగతి గోదావరి జిల్లాల వారికి తెలియనిది కాదు. ఆ ధర దాని మాంసానికి రాదు; పొట్టలో వెన్నెముక కింద తెల్లగా, మందంగా, గాలితో బిగిసి ఉండే తిత్తికి వస్తుంది. చేప నీటిలో మునగకుండా, తేలిపోకుండా నిలబడడానికి తోడ్పడే ఆ గాలితిత్తే దాని డప్పు కూడా. తిత్తికి ఇరుపక్కలా ఉన్న కండరాలు అతివేగంగా ముడుచుకొని సడలుతూ దానిని అదరగొట్టినప్పుడు బొబ్బొబ్బొబ్బుమన్న మోత పుడుతుంది. జతకట్టే కాలంలో ఈ కోవ చేపలు గుంపుగా చేసే మోత చెక్క నావ అడుగు గుండా పైనున్న మనిషికి కూడా వినిపించేటంత గట్టిగా ఉంటుంది. వ్యాపారి ధర కట్టి పట్టుకుపోయేది, ఒక రకంగా చూస్తే, ఆ చేప గొంతునే.

పులస మాట ఎత్తకుండా గోదావరి తీరంలో చేపల ప్రసంగం సాగదు. వరదల కాలంలో ఎర్రనీటికి ఎదురీది ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చే పులస, సముద్రంలో ఉన్నంతకాలం హిల్సా. అది షాడ్ అనే చేపల కోవకు చెందినది. ఈ కోవ చేపలలో గాలితిత్తి నుంచి సన్నని గొట్టాలు బయలుదేరి తల లోపలి చెవి దాకా పోతాయి కనుక, నీటిలోని అదురును తిత్తి అందుకొని నేరుగా చెవికి చేరవేస్తుంది. ఈ కోవలోనిదే అయిన అమెరికా షాడ్ మీద 1990ల చివరలో జరిగిన ప్రయోగాలలో, మనిషి చెవికి ఏమాత్రం అందని అతి తారస్థాయి ధ్వనులను సైతం అది వింటుందని తేలింది. డాల్ఫిన్లు వేటాడేటప్పుడు చేసే టిక్కుటిక్కులను ముందుగా పసిగట్టి తప్పించుకోవడానికే ఆ చెవి అలా తయారయిందని శాస్త్రజ్ఞుల ఊహ. పుస్తెలమ్మి అయినా పులస తినాలని చెప్పుకునే సీమలో, పులస చెవి గురించి మాట్లాడుకున్నవారు అరుదు.

ఇంతటి చెవులున్న చోట మనిషి చేసే చప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి కోరుకొండ తీర్థాన్ని తలచుకుంటే చాలు. ఫాల్గుణ మాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి కొండ కింద జనం కిక్కిరిసి, దుకాణాల మైకులు, రంగులరాట్నాల మోటార్లు, బూరల రొద ఒక్కసారిగా సాగుతుండగా, తల్లి చేయి విడిచిన పిల్లవాడు పది గజాల దూరంలో నిలబడి ఏడుస్తున్నా ఆ ఏడుపు తల్లి చెవిన పడదు. పిల్లవాడి గొంతు తగ్గలేదు, తల్లి చెవికి జబ్బు చేయలేదు. మధ్యలో రొద అడ్డుపడింది, అంతే. ఒక శబ్దాన్ని మరో శబ్దం ఇలా కప్పివేయడాన్ని శాస్త్రజ్ఞులు ధ్వని ఆచ్ఛాదనం అంటారు. నీటిలోని రొద చేసే హానిలో అన్నిటికంటే విస్తారమైనదీ, అన్నిటికంటే కంటికి కనబడనిదీ ఇదే. చెవి పాడవదు, ప్రాణం పోదు, పిలుపు అందదు. జతను పిలిచే పిలుపు, పిల్లను పిలిచే పిలుపు అందదు.

తీర్థం ఐదారు రోజులకు ముగుస్తుంది, ఓడల రొద ముగియదు. ఓడ చప్పుడులో పెద్ద వాటా ఇంజనుది కాదు, వెనుక తిరిగే పంకాది. పంకా రెక్కలు అతివేగంగా నీటిని కోసినప్పుడు వాటి అంచుల దగ్గర ఒత్తిడి పడిపోయి, నీరు మరుగుతున్నట్టు లెక్కలేనన్ని బుడగలు పుట్టి, పుట్టిన వెంటనే చితికిపోతాయి. ఒక్కొక్క బుడగ చితికినప్పుడు ఒక్కొక్క చిటిక వేసినట్టు శబ్దం పుడుతుంది, ఆ చిటికలన్నీ కలిసి రొద అవుతాయి. అమెరికాలోని కాలిఫోర్నియా తీరాన ఒకే చోట 1960లలో కొలిచిన రొదను, 2000 తరువాత కొలిచిన రొదతో పోల్చి చూస్తే, ఓడలు చేసే మంద్రధ్వనుల స్థాయి 10 నుంచి 12 డెసిబెల్లు పెరిగినట్టు తేలింది. డెసిబెల్ శబ్దానికి కొలమానం. దీనితో కొలిచేటప్పుడు పది డెసిబెల్లు పెరగడమంటే శబ్దంలోని శక్తి పది రెట్లు కావడమని అర్థం. నలభై ఏళ్లలో పది రెట్లకు పైగా అన్నమాట. కాకినాడ లంగరు రేవులో డెల్టా బియ్యాన్ని నింపుకొని వెళ్లే ఓడలు, వాటికీ ఒడ్డుకూ మధ్య తిరిగే బార్జీలు, విశాఖపట్నం, గంగవరం రేవులకు వచ్చిపోయే పెద్ద నౌకలు, వేలాది మరబోట్లు, అన్నీ ఈ రొదలో తలా ఒక చేయి వేస్తున్నవే.

ఒక విషయం మాత్రం ఇక్కడ చెప్పి తీరాలి. ఓడను తక్కువ చప్పుడుతో నడిపించే విద్య విశాఖపట్నంలోనే ఉంది. 1969లో అక్కడ నెలకొన్న నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో పంకా రెక్కల దగ్గర బుడగలు ఎలా పుడతాయో చూడడానికే ప్రత్యేకంగా కట్టిన నీటి సొరంగం ఉంది. చప్పుడు చేసిన జలాంతర్గామి శత్రువుకు దొరికిపోతుంది కాబట్టి యుద్ధనౌకలకు ఆ శ్రద్ధ తప్పనిసరి. సరుకు ఓడ ఎవరికీ దాక్కోనవసరం లేదు. అందుకే అది ఎంత మోత చేసినా అడిగేవాడు లేడు. ఓడల రొద తగ్గింపుకు అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2014లో మార్గదర్శకాలు వెలువరించి 2023లో వాటిని సవరించింది గాని, అవి పాటించి తీరవలసిన నిబంధనలు కావు, సలహాలు.

ఇక గోదావరి కడలికి ప్రత్యేకమైన చప్పుడు మరొకటి ఉంది. కేజీ బేసిన్ అని వాడుకలో పిలిచే కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి జరిపే సర్వే అది. భూమి మీద ఈ పని ఎలా సాగుతుందో కోనసీమ రైతులు ఎరుగుదురు: పొలంలో సన్నటి బోరు వేసి, అందులో పేలుడు మందు దించి పేల్చి, లోపలి రాతిపొరలను తాకి తిరిగివచ్చే అదురును పైన పరిచిన పరికరాలతో పట్టి, ఆ లెక్కల నుంచి భూగర్భపు పటం గీస్తారు. సముద్రంలో పేలుడు మందుకు బదులు ఎయిర్‌గన్ అనే గాలి తుపాకి వాడతారు. లోహపు గదిలో గాలిని విపరీతంగా కుక్కి ఒక్క క్షణంలో నీటిలోకి వదిలితే పెద్ద బుడగ పేలినంత దెబ్బ వస్తుంది. అలాంటి తుపాకులు పదుల సంఖ్యలో ఒక ఓడ వెంట వేలాడుతూ, పది పదిహేను సెకన్లకొకసారి, రాత్రీ పగలూ తేడా లేకుండా, వారాల తరబడి మోగుతాయి. ఓడ వెనుక కిలోమీటర్ల పొడవున తేలే తీగలు ప్రతిధ్వనిని పట్టుకుంటాయి. ఈ దెబ్బ కిందికి, భూగర్భంలోకి పోవాలన్నదే సర్వే చేసేవారి ఉద్దేశం. అయినా అందులో కొంత పక్కలకూ పోతుంది. అట్లాంటిక్ మహాసముద్రం నడిబొడ్డున దించిన హైడ్రోఫోన్లు 3000 కిలోమీటర్లకు పైగా దూరాన జరుగుతున్న సర్వేల చప్పుడును పట్టుకున్నట్టు 2004లో ప్రచురితమైన పరిశోధన తెలిపింది. బంగాళాఖాతం కొలతలో చెప్పాలంటే, ఆ దూరం ఈ అఖాతం పొడవు కంటే ఎక్కువ.

కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఉన్న కేజీ డీ6 క్షేత్రంలో 2002లో సహజవాయువు బయటపడి, 2009 ఏప్రిల్‌లో గాడిమొగ ఒడ్డుకు చేరింది. 2020 డిసెంబరులో రెండు వేల మీటర్లకు పైగా లోతున్న నీటి అడుగు నుంచి కూడా గ్యాసు తీయడం మొదలయింది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ తన లోతునీటి క్షేత్రం నుంచి తొలి చమురు తీసింది. ఒక్కొక్క క్షేత్రం వెనుక సర్వేలు, తవ్వకాలు, పైపులైను పనులు ఏళ్ల తరబడి సాగాయి. ఆ ఏళ్లలో వేట పోయిందని మత్స్యకారులు మొరపెట్టుకున్నారు. గుజరాత్ స్టేట్ పెట్రోలియం కార్పొరేషన్ తవ్వకాల వల్ల ఉపాధి పోగొట్టుకున్న కుటుంబాలకు ఏళ్లుగా నిలిచిపోయిన పరిహారాన్ని 2019 నవంబరు 21న, ప్రపంచ మత్స్య దినోత్సవం నాడు, ముమ్మిడివరం సభలో రాష్ట్ర ప్రభుత్వం చెల్లించింది; ఓఎన్‌జీసీ పైపులైను పనుల కారణంగా వేట నిలిచిన కోనసీమ, కాకినాడ ప్రాంతాల కుటుంబాలకు ఆ తరువాతి ఏళ్లలో నెలకు ₹11,500 చొప్పున లెక్కకట్టారు. ఆ లెక్కలు మనుషుల పనిదినాలకు వేసినవి. బోటు ఇన్ని నెలలు కదలలేదు, కాబట్టి ఇంత సొమ్ము. చేప ఎటు పోయింది, ఎందుకు పోయింది అన్న ప్రశ్నకు ఆ కాగితాలలో గడి లేదు.

ఆ ప్రశ్నకు జవాబు వెతికిన దేశం నార్వే. 1990లలో అక్కడి శాస్త్రజ్ఞులు బారెంట్స్ సముద్రంలో ఎయిర్‌గన్ సర్వేకు ముందు, సర్వే జరుగుతుండగా, తరువాత కూడా అదే చోట వలలు వేయించి, పడిన చేపను తూచి చూశారు. సర్వే మొదలైన తరువాత కాడ్, హాడక్ చేపల దిగుబడి సుమారు సగానికి పడిపోయింది. ఆ తగ్గుదల ముప్పై కిలోమీటర్ల దూరాన కూడా కనబడింది. సర్వే ఆగిన ఐదు రోజుల తరువాత సైతం చేప పూర్తిగా తిరిగి రాలేదు. రిగ్గులు వచ్చాక చేప దూరం పోయిందని గోదావరి తీరపు సరంగు అంటే, అది గిట్టనివాళ్లు కల్పించిన మాటగా కొట్టిపారేయడానికి వీల్లేదని ఈ ప్రయోగం చెబుతోంది. చేపకంటే చిన్న ప్రాణుల విషయంలో మాత్రం సాక్ష్యం ఇంకా రెండు తోవల్లో ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన టాస్మానియా దగ్గర 2017లో వెల్లడయిన ప్రయోగంలో ఒక్క ఎయిర్‌గన్ దెబ్బకు 1.2 కిలోమీటర్ల దూరం దాకా జంతుప్లవకాలు, అంటే నీటిలో తేలుతూ బతికే అతిసూక్ష్మ ప్రాణులు, చచ్చిపోయినట్టు తేలగా, 2019లో నార్వేలో వెల్లడయిన మరో ప్రయోగంలో ఆ హాని పది మీటర్లు దాటలేదు. కోరంగి మడ అడవుల నీడలో రొయ్యపిల్లలు పెరిగే తీరానికి ఈ రెంటిలో ఏది వర్తిస్తుందన్నది ఇక్కడి నీటిలోనే తేల్చవలసిన సంగతి.

చప్పుడు ప్రాణం తీసిన సందర్భాలు కూడా ఉన్నాయి. సోనార్ అంటే నీటిలోకి శబ్దాన్ని పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనిని బట్టి జలాంతర్గామి ఉనికిని కనిపెట్టే సాధనం. 2000 మార్చిలో బహామాస్ దీవుల దగ్గర అమెరికా నౌకాదళం సోనార్ వాడిన సమయంలోనే 17 తిమింగలజాతి జీవులు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి; వాటిలో ఎక్కువ భాగం ముక్కు పొడవుగా ఉండే బీక్డ్ తిమింగలాలు; ఆ సోనారే కారణమని నౌకాదళం తానే భాగస్వామిగా ఉన్న దర్యాప్తు ఒప్పుకొంది. 2002లో స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవులలో నౌకాదళ విన్యాసాల వేళ చనిపోయిన బీక్డ్ తిమింగలాలను కోసి చూసినప్పుడు, వాటి అవయవాలలోనూ రక్తనాళాలలోనూ వాయుబుడగలు కనిపించాయి. లోతుల్లో పనిచేసే గజఈతగాడు తొందరపడి పైకి లేస్తే రక్తంలో బుడగలు పుట్టి ప్రాణం మీదికి వస్తుంది. సహజంగా గంటకు పైగా మునిగి ఉండగలిగిన ఈ తిమింగలాలు కూడా భయంతో తమ ఈత పద్ధతి తప్పినందువల్ల అలాంటి దుస్థితికి లోనయి ఉంటాయని పరిశోధకులు భావించారు. స్పెయిన్ 2004లో ఆ దీవుల చుట్టూ సోనార్‌ను నిషేధించింది; ఆ తరువాత దాదాపు పదేళ్లు గడిచాక శాస్త్రజ్ఞులు లెక్క చూస్తే, అలాంటి మూకుమ్మడి చావులు అక్కడ మళ్లీ జరగలేదు.

అలాగని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్రతి తిమింగలం చావునూ శబ్దం మీదికి నెట్టడం తగదు. 2016 జనవరిలో తమిళనాడులోని తిరుచెందూరు తీరానికి ఎనభైకి పైగా పైలట్ తిమింగలాలు గుంపుగా కొట్టుకొచ్చినప్పుడు రకరకాల కారణాలు వినిపించాయి; కాని అదే తీరంలో 1973లోనూ నూరుకు పైగా అదే జాతి తిమింగలాలు అలాగే వచ్చి పడ్డాయి. గుంపును విడవని జాతులలో ముందున్నది దారి తప్పితే వెనుకవన్నీ తప్పడం అనాదిగా ఉన్నదే. మేఘవరం ఒడ్డున దొరికిన పిల్ల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం.

మొదటి మాట సముద్రజీవికి వినికిడి ముఖ్యమని. రెండో మాట, రొద ఆ వినికిడిని కప్పేస్తుందని. మూడో మాట కొంత ఊరటనిచ్చేది: నూనె ఒలికితే ఏళ్లు ఉంటుంది, ప్లాస్టిక్ తరాలు ఉంటుంది, చప్పుడు మాత్రం ఆపిన నిమిషాన పోతుంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత కొన్నాళ్లు ఓడలు తగ్గినప్పుడు కెనడాలోని ఫండీ అఖాతంలో నీటి అడుగు రొద ఆరు డెసిబెల్లు పడిపోయింది. ఆ దినాలలో రైట్ తిమింగలాల మలాన్ని సేకరించి పరీక్షించిన శాస్త్రజ్ఞులకు, ఆందోళన కలిగినప్పుడు ఒంట్లో ఊరే రసాయనం వాటిలో మునుపటి కంటే తక్కువగా కనిపించింది. మనుషులు దుఃఖంలో ఉన్న వారాలలో తిమింగలాలు తెరిపిన పడ్డాయన్నమాట.

గోదావరి కడలిలోనూ ఇలాంటి తెరిపి ఏటా ఒకటి వస్తుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషిద్ధం. ఆ రోజుల్లో ఓడలు ఆగవు, రిగ్గులు ఆగవు; కాని బోట్ల ఇంజన్ల మోత లేకపోవడం వల్ల నీటిలో ఎంత తేడా వస్తుందో, అంతర్వేది మొగ దగ్గర ఒక హైడ్రోఫోను దించి, నిషేధానికి ముందొక నెల, నిషేధంలో ఒక నెల, తరువాతొక నెల వింటే తెలిసిపోతుంది. పెద్ద ఖర్చు లేని పని. సర్వే ఓడలు తుపాకులను ఒక్కసారిగా పేల్చకుండా చిన్నగా మొదలుపెట్టి క్రమంగా పెంచడం, చుట్టూ ఐదు వందల మీటర్లలో తిమింగలాలున్నాయేమో ముందుగా కాపలా చూడడం బ్రిటన్‌లో 1995 నుంచి అమలులో ఉన్న పద్ధతులు. గంటకు పైగా మునిగి ఉండే ప్రాణిని ఓడ మీద నుంచి చూసే కాపలా ఎంతవరకు పట్టగలదన్న సందేహం వాటికీ ఉంది. సర్వేను ఏ నెలలో జరపాలన్న నిర్ణయం మాత్రం అంతకన్నా పదునైన ఆయుధం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌కు చేరే చలికాలమూ, చేప గుడ్లు పెట్టే వేసవీ వదిలి సమయం చూసుకోవడం కాగితం మీద తేలిక. సముద్రం నెమ్మదిగా ఉండి సర్వేలకు అనుకూలించేది కూడా ఆ నెలలే కావడంతో అసలు చిక్కు అక్కడ వస్తుంది.

కోరుకొండ చుట్టుపక్కల సీమలోని జేగురుపాడు, విజ్జేశ్వరం విద్యుత్ కేంద్రాలు ఇలాంటి సర్వేలు వెతికే గ్యాసును నమ్ముకొని కట్టినవే కనుక, కడలికి దూరంగా ఉన్న కోరుకొండ కూడా ఆ సముద్రపు చప్పుడుకు పూర్తిగా బయటిది కాదు. జూన్ 14 అర్ధరాత్రి దాటేసరికి కుంభాభిషేకం రేవులో ఐసు, డీజిలు ఎక్కించుకొని సిద్ధంగా ఉన్న బోట్లన్నీ దాదాపు ఒకేసారి మోగుతాయి. గంగమ్మకు కొబ్బరికాయలు కొట్టిన సరంగులు మొగ దాటి లోతునీటికి బయలుదేరుతారు. ఎగువన వర్షాలు మొదలై, ఎర్రనీరు గౌతమి, వశిష్ఠ పాయల గుండా సముద్రంలో కలవడానికి ఇంకా కొన్ని వారాలుంటాయి. ఏటి దారిని వెతుక్కుంటూ వచ్చే హిల్సాలు ఆ వారాలలో ఉండేది మొగలకు అవతల ఉప్పునీటిలోనే, బోట్లు తిరిగే నీటిలోనే.